ప్రకటన చిత్తుప్రతి – విమర్శకుడి బాధ్యత

సాహిత్య విమర్శకు కేటాయించిన ఈ పుటల్లో కారం పొట్లం మీది బొమ్మను గురించీ, పురుగుమందు సీసా పక్కన రాసే నాలుగు మాటలను గురించీ వ్యాసమేమిటని కొందరు పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. ఆ ఆశ్చర్యం సహజమే. కాని ఒక్క విషయం ఆలోచించమని వారిని కోరుతాను. కథ చదవని వారున్నారు, కవిత్వం వంక చూడని వారున్నారు, వార్తాపత్రిక కొనలేని వారున్నారు. ప్రకటన కంటబడని వారు మాత్రం లేరు. రోడ్డు మీద, బస్సు వెనుక, చేతిలోని ఫోనులో అది మనిషిని వెతుక్కుంటూ వస్తుంది. ఇంతమంది చదివే తెలుగు ఎవరు రాస్తున్నారు, ఎట్లా రాస్తున్నారు, రాయడం నేర్చుకునే పిల్లలకు మనం ఏమి చెబుతున్నాం అన్న ప్రశ్న సాహిత్య విమర్శకు వెలుపలిది ఎట్లా అవుతుంది?

పెదకాకాని గుంటూరుకూ విజయవాడకూ నడుమ పెద్ద రహదారి మీద వున్న వూరు. కొత్తగా బండి కొన్నవారు మల్లేశ్వరస్వామి గుడి ముందుకు తెచ్చి పూజ చేయించుకుని వెళతారు. ఈ మండలంలోనే, నంబూరు దాపున, 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయం వుంది. రహదారికి ఇరువైపులా విత్తనాలవి, పురుగుమందులవి, ఇళ్ల స్థలాలవి, ఆసుపత్రులవి, కళాశాలలవి ఫ్లెక్సీలు. ఈ చుట్టుపట్ల ఒక కళాశాలలో నేను తెలుగు చెబుతున్నాను. నా విద్యార్థుల్లో కౌలురైతుల పిల్లలున్నారు, మిర్చి యార్డు హమాలీల పిల్లలున్నారు, శీతల గిడ్డంగుల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే కూలీల పిల్లలున్నారు.

కొంతకాలంగా మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు నైపుణ్యాభివృద్ధి పేరుతో కొన్ని చిన్న కోర్సులు చెబుతున్నారు. వ్యాపార ప్రకటనలు వాటిలో ఒకటి. సిద్ధాంతభాగం వాణిజ్యశాస్త్ర అధ్యాపకులు చెబుతారు. పిల్లలు తయారుచేసే నమూనా ప్రకటనల్లో తెలుగు సరిచూసే పని నా వంతుకు వచ్చింది. అక్షరదోషాలు దిద్దితే చాలునన్నారు. ఆ ఒక్క పని చేసి వూరుకుని వుంటే ఈ వ్యాసం అవసరముండేది కాదు.

మొదట ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి వుంది. మిత్రుడొకరు నన్ను నిలదీశారు: "ప్రకటన అనేది పెట్టుబడిదారు వూదే బూర. అది బాగా వూదడమెట్లాగో పిల్లలకు నేర్పడం అభ్యుదయ రచయితల సంఘం సభ్యుడివైన నీకు తగునా?" ఈ ప్రశ్నలో బలం లేకపోలేదు. కాని చరిత్ర ఇంతకంటె చిక్కైనది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో దాన్ని ఉచితంగా పంచి ప్రచారం చేశారు. ఆ తలనొప్పి మందు లాభాలే 1908లో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రికను నిలబెట్టాయి; 1914లో మద్రాసులో దినపత్రికగా నడిపించాయి; 1924లో భారతికి ప్రాణం పోశాయి. మన ఆధునిక సాహిత్య చర్చల్లో సగం ఏ పుటల్లో జరిగాయో ఆ పుటల కాగితం ఖర్చు ఒక పసుప్పచ్చని సీసా భరించింది. దీన్ని గుర్తించకుండా ప్రకటన మొత్తాన్నీ ఒక్క తిట్టుతో తోసిపుచ్చడం చరిత్ర తెలిసినవారు చేసే పని కాదు.

ఇంకొక ఉదాహరణ మన పాఠకులకు మరింత దగ్గరిది. 1921లో సోవియట్ రష్యాలో నూతన ఆర్థిక విధానం వచ్చాక ప్రభుత్వ దుకాణాలు ప్రైవేటు వర్తకులతో పోటీపడవలసి వచ్చింది. 1923 నుంచి రెండు మూడేళ్లపాటు కవి మయకోవ్‌స్కీ, చిత్రకారుడు రోద్చెంకో కలిసి ఆ దుకాణాలకు ప్రకటనలు తయారుచేశారు. మాటలు కవివి, రూపం చిత్రకారుడిది. రబ్బరు బూట్లు, పసిపిల్లల నోటి పీకలు, పిండివంటలు, సిగరెట్లు – అన్నిటికీ రాశారు. తోటి కవులు నవ్వినా, ఆ పనిని తాను వున్నతమైన కవిత్వంగానే లెక్కవేస్తానని మయకోవ్‌స్కీ తన స్వీయకథలో చెప్పుకున్నాడు. ఇందులో ఆరాధించవలసింది ఎంత వుందో ప్రశ్నించవలసింది అంత వుంది. సిగరెట్టును ప్రభుత్వం అమ్మినా ప్రైవేటు వర్తకుడు అమ్మినా వూపిరితిత్తులకు తేడా తెలియదు. కాని ఒక విషయం స్పష్టం: ఆ ఇద్దరూ ప్రకటనను అంటరానిదిగా చూడలేదు. దాని వస్తువునూ రూపాన్నీ రెండింటినీ తమ విమర్శకు గురిచేశారు.

కనుక ప్రకటన నేర్పాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు. మనం నేర్పకపోయినా మన పిల్లలు నేర్చుకుంటారు. అందులో కొందరికి అదే బతుకుతెరువు అవుతుంది. వారి చిత్తుప్రతి మన చేతికి వచ్చినప్పుడు మనం ఏమి చేస్తాం అన్నదే ప్రశ్న. నాకు తటస్థించిన మూడు చిత్తుప్రతుల ద్వారా దీన్ని పరిశీలిస్తాను.

మొదటిది పురుగుమందు ప్రకటన. తయారుచేసింది ఒక కౌలురైతు కొడుకు. కాగితమంతా ఆకుపచ్చ. పచ్చని చేను, పచ్చని తలపాగా, నవ్వుతున్న రైతు. మందు కొడుతున్న మనిషి ముఖానికి గుడ్డ లేదు, చేతికి తొడుగు లేదు. పైన పెద్ద అక్షరాలతో, ఈ మందు పురుగుకు మృత్యువనీ, రైతుకు సురక్షితమనీ ఒక అంత్యప్రాస. భాష మట్టుకు నిర్దుష్టం. అక్షరదోషం ఒక్కటీ లేదు. నాకు అప్పగించిన పని ప్రకారం ఆ కాగితం మీద "బాగుంది" అని రాసి సంతకం పెట్టవచ్చు.

"ఈ మందు డబ్బా ఇంట్లో వుందా?" అని అడిగాను. వుందన్నాడు. మర్నాడు ఖాళీ డబ్బా ఫొటో తీసి తెచ్చాడు. లేబుల్ మీద మూలకు నిలబెట్టిన చతురస్రం వుంటుంది గదా, దాని కిందిసగం పసుపుపచ్చ. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద 1971లో వచ్చిన నియమావళి ఆ రంగులను నిర్ణయించింది. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు అధిక విషపూరితం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. స్వల్పమే గాని, ఆకుపచ్చ కూడా విషం లేదని చెప్పదు. చదువు రాని కూలీ సైతం రంగు చూసి జాగ్రత్తపడాలని ఆ ఏర్పాటు. ఆ నియమావళే ఇంకొక మాట కూడా చెప్పింది: లేబుల్ మీద "సురక్షితం", "హానిలేనిది" వంటి ఆధారంలేని భరోసాలు వుండరాదు.

ఇప్పుడు ఆ కుర్రవాడు తన చిత్తుప్రతిని తానే చూసుకున్నాడు. పసుపు త్రికోణమున్న మందుకు ఆకుపచ్చ కాగితం. చట్టం కూడదన్న మాటే శీర్షిక. నేను ఒక్క విమర్శవాక్యం కూడా అనలేదు. "సార్, మా నాన్న కూడా గుడ్డ కట్టుకోడు. ఆయన్ని చూసే గీశాను" అన్నాడు. ఇక్కడే ఒక ముఖ్యమైన విషయముంది. ఆ బొమ్మ అబద్ధం కాదు. అది వున్నదున్నట్టు గీసిన బొమ్మ. అయితే వున్నదాన్ని గీయడమొక్కటే వాస్తవికత కాదని మనం సాహిత్యంలో ఏళ్ల తరబడి వాదించాం. తండ్రి గుడ్డ కట్టుకోకపోవడం వెనుక ఎండ వుంది, ఉక్క వుంది, తొడుగుల ఖరీదు వుంది, అడ్వాన్సు ఇచ్చి అప్పు మీద మందు అంటగట్టే దుకాణం వుంది. ఆ కారణాలన్నీ తుడిచివేసి ఫలితాన్ని మాత్రం నవ్వుముఖంతో చూపితే, వాస్తవమే అబద్ధానికి సాక్ష్యం చెబుతుంది.

ఇది మన ప్రాంతంలో వూరికే చెప్పుకునే మాట కాదు. 1997–98లో పత్తి రైతుల ఆత్మహత్యలు ముందుగా వరంగల్లునూ, ఆ తరువాత గుంటూరు, ప్రకాశం జిల్లాలనూ కలచివేశాయి. ఆనాడు చాలామంది తాగింది చేనుకని అప్పు చేసి తెచ్చిన మందే. 2021–22లో నల్ల తామరపురుగు మిరపతోటల మీద పడ్డప్పుడు రైతులు ఒక మందు పని చేయక ఇంకొకటి, అదీ పనిచేయక మరొకటి కొట్టారు. అట్లాంటి సమయంలో రైతు కంటికి కనిపించే ప్రకటన సలహాదారు అవుతుంది. ఆ సలహాదారు భాష గురించి మనకు పట్టింపు వుండవద్దా?

ఆ విద్యార్థి రెండవ ప్రతిలో రంగు మార్చాడు, శీర్షిక తీసివేశాడు. ఏ పురుగుకు, ఎకరానికి ఎంత, కొట్టాక ఎన్ని రోజులకు కాయ కోయాలి అన్న మూడు విషయాలు పెద్ద అక్షరాలతో పెట్టాడు. ప్రాస పోయింది. ప్రకటన మాత్రం గట్టిపడింది. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. నేను చేసింది ఒక్కటే – చిత్తుప్రతిని వస్తువు పక్కన పెట్టించాను. ఇది బాగా జరిగింది గనుక నాకు కొంచెం గర్వం కలిగింది. ఆ గర్వమే రెండవ చిత్తుప్రతి దగ్గర నా చేత తప్పు చేయించింది.

రెండవది కారం పొడి ప్రకటన. మా దగ్గరి ఒక గ్రామంలో డ్వాక్రా సంఘం స్త్రీలు కారం కొట్టించి పొట్లాలు కట్టి అమ్ముతారు. ఆ పొట్లానికి ప్రకటన తయారుచేయమని వాణిజ్యశాస్త్ర అధ్యాపకులు పిల్లలకు చెప్పారు. ఒక అమ్మాయి తెచ్చిన నమూనాలో మెరిసే వంటగది, తెల్లని చాయగల యువతి, ఆమె చేతిలో మంటలాగా వెలిగే ఎర్రని గరిటె. బొమ్మ ఆమె గీసింది కాదు; ఫోనులో నాలుగు మాటలు చెబితే యంత్రం ఇచ్చిన బొమ్మ. గుంటూరు ఘాటు ఇంటింటికీ అంటూ పైన ఒక శీర్షిక. అక్షరాల వత్తులు విడిపోయి, క్ష అన్నది క కింద ష గా చీలిపోయి వున్నది.

నేను ఎర్రసిరా తీశాను. "ఈమె ఎవరు? ఏ వూరిది? ఈ వంటగది ఎవరిది? ఈ కారం వెనుక వున్న శ్రమ ఏది? తొడిమలు తీసే స్త్రీ ఎక్కడ?" అని ప్రశ్నల మీద ప్రశ్నలు రాశాను. ఆ అమ్మాయి తల్లి తొడిమలు తీసే కూలీ అని నాకు తెలుసు. తెలిసే రాశాను. చివర, "శ్రమజీవిని బొమ్మలోకి తీసుకురా" అని ఆదేశం కూడా ఇచ్చాను. నేను రాసినదానిలో ప్రతి ప్రశ్నా సరైనదేనని అప్పుడు అనుకున్నాను.

వారం తరువాత నేను కోరినట్టే బొమ్మ వచ్చింది. మిరపకాయల కుప్ప ముందు కూర్చున్న నడివయసు స్త్రీ, కళ్ల వెంట నీరు, కింద శ్రమను కీర్తిస్తూ ఒక వాక్యం. తరగతిలో అందరికీ చూపించి మెచ్చుకున్నాను. అయితే మిగిలిన చిత్తుప్రతులన్నిటి మీదా తయారుచేసిన వారి పేర్లున్నాయి. దీని మీద లేదు. ఎందుకు లేదని అడిగాను. ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఇట్లా అన్నది:

"ఇది మీరు చేయించిన బొమ్మ సార్. కళ్లు మండేది మా అమ్మకు. ఆ మంట చూపించి కారం అమ్మడానికి నాకు చేతులు రాలేదు. పెట్టమన్నారు, పెట్టాను."

తరగతి నిశ్శబ్దమైపోయింది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్లి ఆలోచించిన కొద్దీ ఆ అమ్మాయి మాటలో నా విమర్శ మీద నేను ఎన్నడూ చేసుకోని విమర్శ కనిపించింది.

మొదటి చిత్తుప్రతిలోని తెల్లని యువతి అబద్ధపు ఆకర్షణ. నిజమే. కాని నేను కోరిన ఏడ్చే తల్లి కూడా ఆకర్షణే. ఒకటి సుఖాన్ని చూపి అమ్ముతుంది, రెండవది కష్టాన్ని చూపి అమ్ముతుంది. రెండింటిలోనూ పొట్లంలోని కారం గురించి కొనేవారికి ఒక్క విషయమూ తెలియదు. వస్తువు మారిందని నేను భ్రమపడ్డాను. మారింది అలంకారం మాత్రమే. కాయకష్టం చేసేవారిని కవితలో పెట్టినంత మాత్రాన అది అభ్యుదయ కవిత్వం కాదని వేదికల మీద చెప్పే నేను, ఇరవై యేళ్ల అమ్మాయి కాగితం మీద సరిగా ఆ పనే చేయించాను. అంతకంటె పెద్ద తప్పు ఇంకొకటి వుంది. చిత్తుప్రతి ఆమెది. దాన్ని నాదిగా మార్చుకున్నాను. పేరు రాయకపోవడం ద్వారా ఆమె చేసింది న్యాయమైన తీర్పు.

మన విమర్శలో ఈ జబ్బు కొత్తది కాదు. చిత్తుప్రతిని చూసి మనం మూడు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తుంటాం. ఒకటి, వెన్ను తట్టడం: బాగుంది, ఇంకా బాగా రాయి. ఇది దయ అనిపించుకుంటుంది గాని, నిజానికి చదివే శ్రమను తప్పించుకోవడం. రెండు, చెండాడడం: పదహారు దోషాలు వరుసగా రాసి తిరిగి ఇవ్వడం. దోషాలు నిజమే కావచ్చు. పదహారింటిలో ఏది తీరిస్తే మిగిలిన పది వాటంతటవే పోతాయో చెప్పకపోతే ఆ జాబితా విమర్శ కాదు, పోలీసు రిపోర్టు. మూడు, ఆక్రమించుకోవడం: రచయిత వుద్దేశం తొలగించి మన వుద్దేశం పెట్టడం. అభ్యుదయ విమర్శకులం మొదటి రెండింటినీ సులభంగా గుర్తుపడతాం. మూడవది మన సొంత బలహీనత. మన వుద్దేశం మంచిది గనుక అది ఆక్రమణ అని మనకు తోచదు.

రాచమల్లు రామచంద్రారెడ్డి నిర్మొహమాటంగా విమర్శించేవారని ప్రసిద్ధి. ఆయన "అనువాద సమస్యలు" చదివిన వారికి ఒక విషయం తెలుస్తుంది. ఆయన కాఠిన్యం మనుషుల మీద కంటె వాక్యాల మీద ఎక్కువ. ఈ మాట ఇక్కడ ఎందుకు పొసగదో కారణం చూపి ముందుకు కదులుతారు. కారణం చూపిన విమర్శను చదువరి కాదనవచ్చు, వాదించవచ్చు, ఒప్పుకోవచ్చు. ఆజ్ఞను మాత్రం పాటించడమో, పారిపోవడమో తప్ప వేరే దారి వుండదు. నేను ఆ అమ్మాయికి ఇచ్చింది ఆజ్ఞ. ఆమె పాటించింది. పాటించడం నేర్చుకోవడం కాదు.

తరువాత తరగతిలో నా తప్పు ఒప్పుకున్నాను. ఎర్రసిరా పక్కన పెట్టి, ఆమె మొదటి చిత్తుప్రతినే మళ్లీ బల్ల మీద పెట్టి అడిగాను: "ఈ కారం కొనేవాళ్లకు ఏమి తెలియాలని నీకుంది?" ఆ అమ్మాయి పది నిమిషాలు ఆగకుండా మాట్లాడింది. తాలుకాయ కలిపితే పొడి ఎట్లా పాలిపోతుందో చెప్పింది. తొడిమలతో సహా మరలో వేస్తే తూకం పెరుగుతుందనీ, రుచి తగ్గుతుందనీ చెప్పింది. కాయ పట్టుకోగానే తడి ఆరిందో లేదో తన తల్లి వేళ్లకు తెలుస్తుందన్నది. మంచి కారం మంటలాగా ఎర్రగా వుండదనీ, కొంచెం ఇటుకరంగు తిరుగుతుందనీ, అంగట్లో నిప్పులాగా మెరిసే పొడిని చూస్తే తమ ఇంట్లో అనుమానపడతారనీ అన్నది.

ఆ చివరి మాట దగ్గర నేను ఆగాను. 2003లో ఐరోపాలో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సూడాన్ అనే పారిశ్రామిక రంగు బయటపడింది. 2005లో అదే రంగు కలిసిన కారం వాడారని బ్రిటన్‌లో వందల రకాల ఆహారపదార్థాలను దుకాణాల నుంచి వెనక్కు తీసుకున్నారు. రంగు కలిపిన వర్తకుడు నేరస్థుడే. కాని ఎరుపు ఎంత ఎక్కువైతే కారం అంత మేలు అని కొనేవారి కంటికి ఎవరు నేర్పారు? ప్రతి పొట్లం మీదా, ప్రతి బొమ్మలోనూ రంగు పెంచి పెంచి చూపిన ప్రకటనలు నేర్పాయి. ప్రకటన పెంచిన ఆశను కల్తీ తీరుస్తుంది. ఆ అమ్మాయి గీయించిన గరిటెలోని ఎరుపు ఎందుకు తప్పో నేను శ్రమ సౌందర్యం పేరుతో చెప్పలేకపోయాను. ఆమె ఇంటి అనుభవం ఒక్క వాక్యంలో చెప్పింది. వస్తువును ఎరిగినవారు అక్కడ ఆమె. నేను కాదు.

దీని నుంచి నేను ఒక పద్ధతి ఏర్పరచుకున్నాను. అది గొప్పదని చెప్పను. పనికివచ్చిందని మాత్రం చెబుతాను. చిత్తుప్రతి రాగానే మొదట దాన్ని చేసినవారు మాట్లాడరు. మిగిలిన పిల్లలు తమకు కనిపించినది చెబుతారు – బాగున్నదీ బాగులేనిదీ కాదు, కనిపించినది. "నాకు ముందు గరిటె కనిపించింది, పొట్లం పేరు కనిపించలేదు" అన్న మాటకు ఎవరి మనస్సూ నొచ్చుకోదు, కాని చేయవలసిన పని తెలుస్తుంది. తరువాత చేసినవారు తాము ఏమి చెప్పదలచారో చెబుతారు. ఈ రెండింటికీ మధ్య వున్న దూరమే దోషం. దోషమనేది నా అభిరుచిలో లేదు, ఆ దూరంలో వుంది. మూడవదిగా, చెప్పదలచినది నిజమేనా అని వస్తువు పక్కన పెట్టి చూస్తాం. ఆ తరువాతే అక్షరాల సంగతి.

అక్షరాల సంగతి చిన్నదని కాదు. ఇంగ్లీషు అక్షరాలకు కొలిచిన పంక్తుల దూరంలో తెలుగు ఇరికిస్తే పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులను గుద్దుకుంటాయి. దూరం నుంచి చదివేవారికి అదొక నల్లని మరకగా కనిపిస్తుంది. విడిపోయిన వత్తు తప్పు పిల్లలది కాదు, తెలుగు లిపి లక్షణం ఎరగని సాధనానిది. కాని దాన్ని అట్లాగే వదలడం మన అలక్ష్యం. బాపు చేతిరాత పెళ్లిశుభలేఖల దాకా ఎందుకు వ్యాపించింది? తెలుగు అక్షరం గుండ్రదనాన్ని దోషంగా కాక గుణంగా ఆయన గ్రహించారు గనుక. ఇట్లాంటివి చెప్పేటప్పుడు కూడా ఒక్కసారికి ఒక్కటే చెబుతాను. రెండవది రెండవ ప్రతికి.

మూడవ చిత్తుప్రతి గురించి చెప్పకపోతే ఈ పద్ధతి పరిమితి మరుగుపడుతుంది. ఇద్దరు కుర్రవాళ్లు పోటీపరీక్షల శిక్షణకేంద్రానికి ప్రకటన చేశారు. వరుసగా ముఖాలు, ముఖాల కింద ర్యాంకులు, సీటు ఖాయమని హామీ. రూపం చక్కగా వుంది. చెప్పదలచిందీ కనిపించిందీ ఒక్కటే, దూరమేమీ లేదు. వస్తువు పక్కన పెట్టినప్పుడు కూలిపోయింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థ 2024 నవంబరులో శిక్షణకేంద్రాల ప్రకటనలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఎంపిక ఖాయమనే హామీలు ఇవ్వరాదనీ, నెగ్గిన విద్యార్థి అనుమతి లేకుండా ఫొటో వాడరాదనీ అందులో వుంది. ఆ సంగతి చెబితే ఒక కుర్రవాడు నవ్వి, "ఆ రూలు పెడితే మనకు ఉద్యోగమెవరిస్తారు సార్?" అన్నాడు.

దీనికి విమర్శ దగ్గర జవాబు లేదు. రేమండ్ విలియమ్స్ 1960 ప్రాంతంలో ప్రకటనల మీద రాసిన వ్యాసంలో ఒక విచిత్రమైన సత్యం చెప్పాడు: మన సమాజం వస్తుమోహంలో పడిందంటారు గాని, నిజంగా వస్తువే చాలుననుకుంటే దానికి మగతనమో, యవ్వనమో, గౌరవమో అంటగట్టి అమ్మవలసిన అవసరమే వుండదని. శిక్షణకేంద్రం పాఠం అమ్మడం లేదు. తల్లిదండ్రుల భయాన్ని కొని, ఆశగా మార్చి తిరిగి అమ్ముతున్నది. ఆ వ్యాపారం వున్నంతకాలం నేను చిత్తుప్రతిని ఎంత దిద్దినా, ఉద్యోగమిచ్చేవాడు మొదటి ప్రతినే అడుగుతాడు. దిద్దుబాటుతో ప్రపంచం మారుతుందనే భ్రమ నాకు లేదు. కాని ఆ కుర్రవాడు రేపు ఆ ప్రకటనే రాయవలసి వచ్చినా, తాను ఏమి రాస్తున్నాడో తెలిసి రాస్తాడు. తెలియక చేసేదానికీ తెలిసి చేసేదానికీ మధ్య వున్న ఆ కొద్ది వ్యత్యాసంలోనే చదువు వుంది. కాదని చెప్పే ధైర్యం ఎవరికైనా ఎన్నడైనా కలిగితే అక్కడి నుంచే కలుగుతుంది.

ఇక కారం పొట్లం సంగతి. ఆ అమ్మాయి మూడవ ప్రతి తెచ్చింది. బొమ్మలో తల్లీ లేదు, తెల్లని యువతీ లేదు. ఇటుకరంగు పొడి, తొడిమ తీసిన ఒక కాయ, పక్కన చిన్న తొడిమల కుప్ప. కింద పొందిగ్గా ఆరు పంక్తులు: ఏ రకం కాయ, ఏ వూరి కళ్లంలో ఎండింది, తొడిమలూ తాలూ తీసిందని, ఏ తేదీన కొట్టించింది, ఎంత తూకం, ఎంత ధర. ఏడవ పంక్తి కూడా వుంది: తొడిమలు తీసినందుకు కిలోకు ఇచ్చిన కూలి – దాని ఎదురుగా ఖాళీ. ఆ పంక్తి నేను చెప్పింది కాదు. తల్లి ముఖం చూపడానికి ఇష్టపడని కూతురు, తల్లి కూలి అచ్చువేయడానికి మాత్రం వెనుకాడలేదు. జాలి అడగడానికీ లెక్క అడగడానికీ వున్న తేడా అది. నేను వ్యాసాల్లో చెప్పలేకపోయినది ఆ ఖాళీ చెప్పింది.

కాగితాన్ని సంఘం స్త్రీలకు చూపించారు. ఆరు పంక్తులు వారికి నచ్చాయి. ఏడవదాని దగ్గర వాదన మొదలైంది. బయటి గిడ్డంగుల దగ్గర ఇచ్చే కూలినే తామూ ఇస్తున్నామని ఒకరు ఒప్పుకున్నారు. అది అచ్చువేస్తే సిగ్గుచేటని మరొకరన్నారు. సిగ్గయితే పెంచుదామని ఇంకొకరన్నారు. పెంచితే పొట్లం ధర ఎవరు కొంటారని మళ్లీ మొదటావిడ అడిగారు. నేను వెళ్లలేదు, ఆ అమ్మాయి వచ్చి చెప్పింది. ఇంతవరకూ ఆ ఖాళీ నిండలేదు. ప్రకటన ఇంకా అచ్చుకు వెళ్లలేదు.

ఖాళీ వున్న చిత్తుప్రతికి పూర్తి మార్కులు ఎట్లా వేశావని కళాశాలలో నన్ను అడిగారు. ఒక ప్రకటన అమ్మే ముందు, అమ్మేవారి చేతనే తమ లెక్క తాము చూసుకునేట్టు చేసిందంటే దాని రూపంలో లోపముందని నేను అనలేనని చెప్పాను. ఈసారి ఆ కాగితం మీద, ఎడమ పక్క కింది మూలలో, ఆ అమ్మాయి పేరు వుంది.

మన సంఘం మొదటి మహాసభ 1943లో ఇక్కడికి దగ్గరలోని తెనాలిలోనే జరిగింది. రచన ఎవరి కోసం అన్న ప్రశ్న ఆనాడే మనవాళ్లు వేసుకున్నారు. విమర్శ ఎవరి కోసం అన్న ప్రశ్నను అధ్యాపకులైన మనం ప్రతి చిత్తుప్రతి దగ్గరా కొత్తగా వేసుకోవలసి వుంది. విద్యార్థి తెచ్చిన కాగితం మన పాండిత్యం ప్రదర్శించే గోడ కాదు, మన సిద్ధాంతం అతికించే బోర్డు కాదు. దాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు అది అతని చేతిలో ఇంకా అతనిదిగానే వుండాలి; మునుపటికంటె నిజానికి దగ్గరగా వుండాలి. ఈ రెండూ కలిసి జరగనప్పుడు, ఎంత మంచి మాటలు రాసినా మనం దిద్దింది చిత్తుప్రతిని కాదు. తోటి అధ్యాపకులు తమ అనుభవాలు కూడా ఈ పుటల్లో చర్చకు పెడితే, నా పద్ధతిలో నాకు కనిపించని లోపాలు బయటపడతాయని ఆశిస్తున్నాను.